ఎడమ కన్ను

“నేను పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉంచమ్మా. మాటిమాటికీ సరిచేసుకునే తీరిక నాకు లేదు.”

ఆమె ల్యాబులో చేరిన మొదటి రోజు మైక్రోస్కోపు చూపించి డాక్టరుగారు అన్న మాట ఇది. ఆయన పొడగరి. వంగక్కర్లేకుండా దాని కింద మందపాటి చెక్క వేయించుకున్నారు. కళ్ళు ఆనించే గొట్టాలు రెండూ ఆయన ముఖానికి తగ్గట్టు ఎడంగా ఉంటాయి. ఆమె చూస్తే ఒకటిగా కనపడాల్సిన వెలుగు వృత్తం రెండుగా విడిపోయేది. అందుకని కుర్చీ అంచున కూర్చుని, మెడ సాచి, ఎడమ కన్ను మూసుకుని చూడటం అలవాటు చేసుకుంది. పదకొండేళ్ళు.

ఇంట్లోనూ అంతే. దిండు ఎత్తు భర్తకి నచ్చినంత, ఫ్యాను వేగం అత్తగారు చెప్పినంత. మెడ పట్టేసిందంటే, “రోజంతా కుర్చీలో కూర్చుని వస్తావు, నీకెందుకే నొప్పి? బస్తాలు మోసేవాడికి రావాలి గానీ” అని భర్త నవ్వేవాడు. తనూ నవ్వేసేది. “మా కోడలు దేనికైనా సర్దుకుపోతుంది” అని అత్తగారు నలుగురిలో అంటే లోలోపల పొంగిపోయేది కూడా. అది తలుచుకుంటే ఈ ఉదయం సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయినట్టుంది.

ఎందుకంటే ట్రేలో ఆ స్లైడు ఉంది. బట్టలు కుట్టే ఆవిడ రక్తం. శుక్రవారం జ్వరంతో వచ్చి, “సూదులు నాకు కొత్తేం కాదులెండి, పొడిచెయ్యండి” అని చెయ్యి చాపింది. మెడ లాగేస్తుంటే ఒంటికంటితో చూసి, మలేరియా లేదని రిపోర్టు రాసింది తనే. నిన్న ఆవిణ్ణి స్ట్రెచరు మీద తెచ్చారు. మళ్ళీ తీసిన రక్తంలో మలేరియా బయటపడింది. ఇప్పుడు వార్డులో స్పృహ లేకుండా ఉంది.

డాక్టరుగారు ఇంకా రాలేదు. ఆమె చెక్క తీసేసింది. కుర్చీ ముందుకు లాక్కుని నిటారుగా కూర్చుంది. శుక్రవారం స్లైడు మీద నూనెచుక్క వేసి కటకం కింద పెట్టింది. గొట్టాలు దగ్గరికి జరిపితే రెండు వృత్తాలూ కలిసి ఒకటయ్యాయి. కుడికంటితో చూస్తూ చిన్న మర తిప్పి బొమ్మ తేటపరిచింది. తరవాత కుడికన్ను మూసి, ఎడమ గొట్టం మీది వలయాన్ని తన చూపు కుదిరేదాకా తిప్పింది. రెండు కళ్ళూ తెరిచింది.

ఎర్రకణంలో సన్నటి ఉంగరం. పక్కన ఇంకొకటి. ఏ తొందరలో చూసినా తప్పిపోనంత స్పష్టంగా.

అంతా కలిపి ఒక్క నిమిషం పట్టింది. పదకొండేళ్ళలో ఆ నిమిషం తను అడగలేదు. వద్దన్నది డాక్టరుగారే, నిజమే. కానీ కుట్టే ఆవిడ చెయ్యి చాపింది ఆయన ముందు కాదు. సర్దుకుపోతుందన్న మంచిపేరు తనది, కాలిపోయిన ఒళ్ళు మరొకరిది.

తలుపు చప్పుడైంది. “ఎవరు కదిపారు దీన్ని?”

“నేనే సార్. శుక్రవారం స్లైడులో మలేరియా ఉంది. నేను సరిగ్గా చూడలేదు. తప్పు నాదని రాసి సంతకం పెడతాను.”

“రాద్దువుగాని. ముందు దీన్ని ఎప్పట్లా పెట్టు.”

ఆమె లేవలేదు. చేతికందే దూరంలో ఉన్న పెట్టె దగ్గరికి లాక్కుంది. మలేరియా లేదని తను రాసి పంపిన ఈ నెల జ్వరాల స్లైడులు అందులో ఉన్నాయి. అరవై రెండు.

“ఇవన్నీ చూశాక లేస్తాను సార్,” అంది.