తోకలో ఉన్న పిల్ల

"ఒక్కదానివే వెళ్తున్నావు, దారిలో ఎక్కడైనా పడితే నిన్ను లేపేదెవరే?"

సైకిలు ఇంకా గుమ్మం కూడా దిగలేదు. మా అమ్మాయి చక్రాల్లో గాలి నొక్కి చూసుకుంటూ, "నేనే లేస్తానమ్మా, కాళ్ళు నావేగా," అంది.

దాని పని కళ్ళజోళ్ళ దుకాణంలో. వారమంతా వచ్చినవాళ్ళ చేత గోడమీది అక్షరాలు చదివిస్తూ, "ఇది బాగుందా, ఇదా?" అని అడిగీ అడిగీ నోరు నొప్పెడుతుందట. ఆదివారం పొద్దున ఒక్కతే తొక్కితేనే హాయట. అది వీధి మలుపు తిరిగేసరికి నేను గేటు పట్టుకుని దారి చూడడం మొదలుపెడతాను.

ఆ రోజు చెయ్యి పట్టుకుని ఆపి, ఒప్పందానికి దిగాను. మా వీధి చివర పోస్టాఫీసు గుమాస్తా ఎనిమిదిమందిని వెంటేసుకుని సైకిళ్ళ మీద తిరుగుతాడు. ఈ ఒక్క ఆదివారం వాళ్ళతో వెళ్ళాలి. నచ్చకపోతే ఇక ఒంటరిగానే పొమ్మన్నాను, నోరెత్తనన్నాను.

"నీ నోరే?" అన్నారు మా ఆయన పేపరు వెనకనుంచి.

అది వెళ్ళిన గంటకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఏ గోతిలో పడిందోనని గుమాస్తాకి చేశాను.

"మా పిల్లేదండీ?"

"తోకలో ఉందండీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా కూతుర్ని తోకంటారా? మీ వెనకాల ఈడ్చుకు రావడానికా పంపింది?"

"అయ్యో పిన్నిగారూ! తోకంటే అందరికన్నా ఆఖరున వచ్చే మనిషి. ఎవరూ వెనకబడిపోకుండా చూసుకోవాలి. మీ అమ్మాయే అడిగి మరీ తీసుకుంది."

"ఆఖరునుంటే దాని వెనక ఎవరుంటారు?"

 ఆయన చుట్టూ ఒకటే నవ్వులు. ఫోన్ స్పీకర్లో పెట్టాడు కాబోలు, మహానుభావుడు.

పదింటికి వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది. "'తోకకి ఇంట్లో తలకాయ కూడా ఉందే' అని దారంతా ఏడిపించారు," అని ఒక్క మాట అని నోరు మూసేసింది. అన్నం దగ్గర ఉప్పు కావాలన్నా వేలు చూపించింది.

మధ్యాహ్నం వరండాలో సైకిలు తలకిందులుగా నిలబెట్టి చెయినుకి నూనె వేస్తోంది. పాత గుడ్డ పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"వచ్చే వారం ఒక్కదానివేనా? మాటిచ్చానుగా, ఏమీ అననులే."

పెడలు తిప్పింది. గుడ్డ అందించాను, తీసుకుంది. ఒక్కో లంకె తుడుస్తోంది. చెయినుకి అన్ని లంకెలుంటాయని నాకు తెలీదు. మా ఆయన పేపరు తిప్పడం కూడా మానేశారు. చెయిను చుట్టూ ఒకసారి తుడిచి, రెండోసారి మొదలుపెట్టింది.

"వాళ్ళతోనే వెళ్తా," అంది చివరికి, తల ఎత్తకుండానే. "తోకలో. అక్కడైతే ముందు తొమ్మిదిమంది ఉంటారు, ఒక్కరూ నాతో మాట్లాడరు. ఫోన్ మాత్రం నీ దగ్గరే పెట్టి వెళ్తానమ్మా."