ఇరవై తొమ్మిది దగ్గర నల్లదారం

నేను ఒక థర్మామీటరును. జ్వరం చూసేదాన్ని కాదు, నీళ్లలో దించేదాన్ని. జానెడు గాజుగొట్టం, లోపల వెంట్రుకంత ఎర్రగీత. ఉత్తరాదిన ఏదో కార్ఖానాలో నాకు అంకెలు వేసి, పొట్టులో పెట్టి పంపారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప నాకు మరో పని రాదు. ఆ ఒక్క పనికే మనుషులు నన్ను తిట్టారు.

ఉప్పాడ తీరాన ఒక రొయ్యల హేచరీలో పందొమ్మిదేళ్లు పని చేశాను. రొయ్యపిల్లకు వెచ్చని నీళ్లు కావాలి. అందుకని అక్కడి మేస్త్రీ గవర్రాజు ఇరవై తొమ్మిదో అంకె దగ్గర నాకు నల్లదారం కట్టాడు. ఎర్రగీత దారం దగ్గర ఉంటే పిల్ల బతుకుతుంది. అంకెలు రాని కూలీలకూ అది అర్థమయ్యేది. హేచరీ మూసేసిన రోజు యజమాని మోటార్లు పట్టుకుపోయాడు. నన్ను ఎవరూ అడగలేదు. గవర్రాజు జేబులో వేసుకున్నాడు.

అతని ఇంట్లో రెండేళ్లు మేకుకు వేలాడాను. ఆ మధ్యే అతని భార్య జ్వరంతో పోయింది. తరువాత అతను ఎవరినీ గుమ్మం తొక్కనివ్వలేదు. మరదలు నూకరత్నం ఒక్కతే తిట్లు తింటూ వచ్చేది. ఆమె కాలేజీ ల్యాబులో పని చేసేది. పోయిన వైశాఖంలో గాజుతొట్టి ఒకటి మోయించుకొచ్చింది. అందులో లేతగులాబీ రంగు జీవి. నాలుగు కాళ్లు, మెడ చుట్టూ ఈకల్లాంటి మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మొహం.

“ఏంటే ఇది, తొండపిల్లా?”

“ఆక్సలాటిల్ అంటారండి బావగారూ. కప్పకి చుట్టం. ల్యాబ్ ఎత్తేశారు, కాలవలో పారేయమన్నారు.”

“అయితే నా కొంప దొరికిందా?”

“మీతో మాట్లాడదు కదండీ, మీకు సరిపోద్ది. నీళ్లు మాత్రం చల్లగా...”

“నీళ్ల సంగతి నువ్వు నాకు చెప్తావా?”

అతను తొట్టిని వసారాలో పెట్టి నన్ను దించాడు. ఎండకు నీళ్లు వాటంతటవే దారం దాకా వచ్చాయి. అతను తృప్తిగా తలూపాడు.

మూడో రోజుకు అది తిండి మానేసింది. ఐదో రోజు తెల్లవారేసరికి పక్కకు ఒరిగి తేలుతోంది. మొప్పలు పాలిపోయాయి. గవర్రాజు నన్ను తీశాడు, తుడిచాడు, విదిలించాడు, మళ్లీ దించాడు. నేను ఇరవై తొమ్మిదే చూపించాను.

“దొంగముండ, పాడైపోయింది” అన్నాడు. అన్నది నన్ను.

చివరికి నూకరత్నానికి ఫోన్ చేశాడు. ఆమె చేపల మార్కెట్ నుంచి బుట్టెడు ఐసు పట్టుకుని పరుగున వచ్చింది. నన్ను చూడగానే నెత్తి కొట్టుకుంది.

“దీనికి పద్దెనిమిది ఉండాలండి! ఆ రోజే చెప్పబోయాను, చెప్పనిచ్చారా?”

ఐసు తొట్టిలో కుమ్మరించబోతుంటే అతను చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగు. ఒక్కసారే దింపితే చచ్చిపోద్ది. గంటకో డిగ్రీ.”

రొయ్యపిల్లను ఒక నీటి నుంచి మరో నీటికి మార్చేటప్పుడు హేచరీలో అతను అలాగే చేసేవాడు. తొట్టిని ఇద్దరూ లోపలి గదిలోకి జరిపారు. ఐసును సీసాల్లో బిగించి నీళ్లలో తేలేలా వేశాడు. నా నల్లదారాన్ని పంటితో కొరికి ఉమ్మేశాడు.

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాము. నేను దిగుతూ వచ్చాను. ఇరవై ఎనిమిది, ఇరవై ఏడు. అతను పచ్చిగంగ ముట్టలేదు. ఇరవై రెండు దగ్గర, తొట్టి వైపే చూస్తూ అన్నాడు.

“మీ అక్కకి ఒళ్లు కాలిపోతుంటే ఎండదెబ్బే అన్నాను. నువ్వు ఆసుపత్రి అన్నావు.”

నూకరత్నం నీళ్లలోని సీసాను వేలితో తిప్పి చూసింది.

“అన్నానండి” అంది. “ఐసు కరిగిపోయింది. సీసా మార్చండి.”

దీపాలు పెట్టే వేళకు పద్దెనిమిది చూపించాను. జీవి తొట్టి అడుక్కి దిగి నాలుగు కాళ్ల మీద నిలబడింది. అతను పట్టకారుతో వానపామును దాని మూతి ముందు ఆడించాడు. అది కదల్లేదు. మళ్లీ ఆడించాడు. గుటుక్కున మింగేసింది.

గవర్రాజు అక్కడే నేల మీద కూలబడ్డాడు.

“తిందే” అన్నాడు.

“చూశానండి. ఇంక మీరూ తినండి. దానికన్నా మీకు బతిమాలించుకోవడం ఎక్కువైంది.”

అతను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. పప్పులో ఉప్పు లేదని తిట్టాడు కూడా.

మొదట్లో రోజుకు పదిసార్లు వచ్చి నన్ను చూసేవాడు. తరువాత మూడుసార్లు. ఈ రోజు ఒక్కసారీ చూడలేదు. ఎప్పటిలా ఐసు సీసా మార్చి, వానపాము వేసి, అది తింటుంటే కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు. నేను మూలన పద్దెనిమిది చూపిస్తూ ఉన్నాను. ఎవరికీ అక్కర్లేదు. హాయిగా ఉంది.