చెక్కబొమ్మ వీపు

మా అమ్మాయి కొండెక్కడానికి బయల్దేరే రోజు పొద్దున సంచి నేనే సర్దాను. అడుగున పడుకునే దుప్పటిసంచి, వెన్నుకి ఆనేలా బరువైన డబ్బాలు, పైన చేతికందేలా చలికోటు. బకిల్సు మూడుసార్లు పెట్టి తీసి చూశాను. సంచి మా ఆయన కార్ఖానాదే. ఆయన వీపు కొలతకి చెక్కించిన బొమ్మ ఒకటుండేది అక్కడ. ఏ సంచి అయినా దానికి తగిలించే సరిచూసేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు ఆ బొమ్మకి సంచులు కుట్టాను, జీతం లేకుండా. "ఇంటి మనిషికి జీతమేంటి?" అనేవాడు.

ఆడవాళ్ళ వీపు కురచ, భుజాలు ఇరుకు, బరువు తుంటి మీద పడాలి. అమ్మాయి వీపు మీద సుద్దతో గీతలు గీసి, మెడ ఎముక నుంచి తుంటి ఎముక దాకా కొలిచి, రొమ్ముని నొక్కకుండా వంపు తిరిగే పట్టీలతో ఒక సంచి కుట్టాను. ఆయన నవ్వాడు. "బస్తాకి ఆడా మగా ఏంటే? అంతగా కావాలంటే గులాబీరంగు గుడ్డ వెయ్యి, ఆడసంచి అయిపోతుంది." అత్తగారు అందుకుంది. "మేం బిందెలు నడుం మీద మొయ్యలేదూ? మాకెవరు కొలతలు తీశారమ్మా?" తనకి తెలియకుండానే ఆవిడ నా మాటే చెప్పింది.

ఆ పొద్దున అమ్మాయి నా సంచే అడిగింది. "శిఖరం మీద ఫోటోలో మన సరుకు కనపడాలి. ఊరూ పేరూ లేని సంచి దేనికి?" అన్నాడాయన. "పోనీలే అమ్మా, వారం రోజులేగా" అని తనే నా సంచిని అటక మీదకి తోసింది. నడుము పట్టీ బిగిస్తే తుంటి కిందికి జారింది. చూశాను. చూసి కూడా, "జాగ్రత్త" అన్నాను, అంతే.

బయల్దేరిన పదకొండో రోజు అమ్మాయి వాళ్ళ జట్టు నాయకుడొచ్చి సంచి ముందుగదిలో పెట్టాడు. "పట్టీ నడుం మీద నిలవట్లేదని విప్పేసిందమ్మా. బరువంతా భుజాల మీదే. మంచుగట్టు మీద వెనక్కి లాగేసింది. సంచి రాయికి చిక్కుకుంది, తను లోయలోకి..."

ఆయన ఏడ్చాడు, అబద్ధమెందుకు. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, పట్టీలు లాగి చూశాడు. "ఒక్క కుట్టూ ఊడలేదు" అన్నాడు.

ఆ కుట్లు నావి.

అటక మీంచి నా సంచి దించాను. రెండు జతల బట్టలు, సుద్దముక్క, కొలతల కాగితం పెట్టుకున్నాను. నాదీ అమ్మాయి ఒడ్డూ పొడుగే. పట్టీ సరిగ్గా తుంటి మీద కూర్చుంది. "ఈ వేళప్పుడు ఎక్కడికే?" అన్నాడాయన.

ఇది ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి మాట. అమ్మాయి మే పదిహేడున తిరిగి రావాలి, రాలేదు. నేను మే ఇరవైన గడప దాటాను, తిరిగి వెళ్ళలేదు.