చుక్కకు అవతల మిగిలింది

గొడవ భోజనాల బల్ల మీది రబ్బరు పొట్టు దగ్గర మొదలైంది. ఆఫీసు నుంచి వచ్చి బల్ల మీద మోచేతులు ఆనించేసరికి ఆయన తెల్ల చొక్కాకు ఆ పొట్టంతా అంటుకుంది. బల్ల తుడవకుండా పిల్లని ఎందుకు లేవనిచ్చావని భార్యను నిలదీశాడు. పిల్ల భాగహారాలు చేసిందని, చెరపకుండా లెక్కలు ఎవరికి వస్తాయని ఆవిడ అంది. వచ్చినవాళ్ళకి చెరిపే అవసరమే రాదని, తాను బడిలో రబ్బరు ముట్టి ఎరగనని ఆయన అన్నాడు.

ఆ మాట అనే హక్కు ఆయనకుంది. చిన్నప్పుడు లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న రోజున తల్లి ఆయనకు లెక్కల పులి అని పేరు పెట్టింది. ఆ పేరు ఆయనతోపాటే ఉద్యోగంలో చేరి, పెళ్ళి చేసుకుని, నడివయసుకు వచ్చింది. బీమా ఆఫీసులో పొద్దస్తమానం అంకెల మధ్యే ఉంటాడు. కాకపోతే అక్కడ భాగించే పని కంప్యూటరుది, సంతకం పెట్టే పని ఆయనది.

మాటా మాటా పెరిగి గొడవ చొక్కాను వదిలి పిల్ల మీద పడింది. శనివారం సాయంత్రం తానే పది భాగహారాలు ఇస్తానని, ఏడన్నా ఒప్పు కాకపోతే పరీక్షలయ్యేదాకా బ్యాడ్మింటన్ ఊసెత్తకూడదని పులి తీర్పు చెప్పింది. పిల్ల ముఖం మాడిపోయింది. బడి జట్టుకు ఎంపిక సోమవారమే.

శనివారం ఆయన నోటికొచ్చిన అంకెలు చెప్పి పది లెక్కలు రాయించాడు. పిల్ల తల వంచుకుని మొదలుపెట్టగానే, ఎవరికో ఫోన్ చేయాలంటూ పడకగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. ఫోన్లో ఉన్న కాలిక్యులేటర్ మీద మొదటి లెక్క కొట్టాడు. నూట ఎనభై తొమ్మిదిని నాలుగుతో భాగిస్తే నలభై ఏడు, చుక్క, రెండు, అయిదు. ఆయనకు ప్రాణం కుదుటపడింది. చుక్కకు ఇవతల ఉన్నది భాగఫలం, అవతల మిగిలింది శేషం. ఇందులో మర్చిపోవడానికి ఏముంది కనక! శేషం ఇరవై అయిదని రాసుకున్నాడు.

అయిదు వందల్ని ఏడుతో భాగించినప్పుడు మాత్రం శేషం ఆగలేదు. తెర చివరిదాకా పరిగెత్తింది. కాసేపు దాని వంకే చూసి, లెక్క ఇవ్వడంలోనే ఏదో పొరపాటు జరిగిందని తేల్చి, బయటికొచ్చి ఆ లెక్క కొట్టేయమన్నాడు. తాను చేసేశానని, డెబ్బై ఒకటి వచ్చి మూడు మిగిలిందని పిల్ల అంది. అది వచ్చే లెక్క కాదన్నాడు ఆయన.

దిద్దడం అయ్యేసరికి శేషం లేని రెండు లెక్కలే ఒప్పయ్యాయి. ఆయన బ్యాట్ తీసుకెళ్ళి అలమర మీద పెట్టాడు. పిల్ల ఏడవలేదు. కాగితం పట్టుకుని వెనకాలే వచ్చింది.

"నాన్నా, నాలుగుతో భాగిస్తే ఇరవై అయిదెలా మిగులుతుంది? అందులో ఇంకా ఆరు నాలుగులున్నాయి కదా."

పెద్దవాళ్ళు దిద్దాక వాదించకూడదని చెప్పి పంపేశాడు గాని, ఆ ఆరు నాలుగులు ఆయన వెంటే వచ్చాయి. కాసేపాగి ఇంటి వెనక బట్టలారేసే చోటికి వెళ్ళి, క్లిప్పుల బుట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. లెక్కపెడితే ఇరవై తొమ్మిది. నాలుగేసి చొప్పున తీగకు తగిలించుకుంటూ పోతే ఏడు గుంపులయ్యాక చేతిలో ఒక్క క్లిప్పు మిగిలింది. ఫోన్ చూస్తే ఏడు, చుక్క, రెండు, అయిదు. బుట్ట బోర్లించాడు. మిగతా ఇరవై నాలుగు క్లిప్పులు అందులో లేవు.

"ఏం చేస్తున్నారక్కడ?" భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"క్లిప్పులు సరిపోతున్నాయో లేదోనని."

"ఎన్ని మిగిలాయేం?"

"ఒకటి."

"ఒకటే కదా," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆ 'కదా' ఆయనకు చొక్కా లోపల చీమలా పాకింది.

రాత్రి భోజనాల దగ్గర పిల్ల కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. తాను కావాలనే తప్పు జవాబులు పెట్టానని, తండ్రి దిద్దినా సరే తప్పును తప్పనే ధైర్యం పిల్లకుందో లేదో పరీక్షించానని, పిల్ల నెగ్గిందని, కాబట్టి సోమవారం ఎంపికకు వెళ్ళవచ్చని చెప్పాడు. పక్కనే కూర్చుని తింటున్న ఆయన తల్లి, వాడి బుర్రే వేరని మురిసిపోయింది. పిల్ల ఒక్క ఉదుటున లేవబోతే, ముందు తినమని అమ్మ కూర్చోబెట్టింది.

"మరి ఆ కొట్టేసిన లెక్క?" అంది పిల్ల నోటి నిండా ముద్దతో.

"అదీ ఒప్పే," అన్నాడు ఆయన, కంచంలోకి చూస్తూ.

ఆఫీసులో పని ఎక్కువైందని, రేపటి నుంచి పిల్ల లెక్కలు నువ్వే దిద్దమని భార్యతో అన్నాడు. ఆవిడ వడ్డిస్తున్న గరిటె ఆపింది.

"నేనెందుకండీ? భాగఫలాన్ని భాజకంతో గుణించి శేషం కలిపితే మొదటి సంఖ్య రావాలి. రాకపోతే తప్పు. దాని లెక్క అదే దిద్దుకుంటుంది. కావాలంటే మీరూ రెండు చేసి చూసుకోండి."

ఆయన కాసేపు నమిలాడు. తర్వాత ఆఫీసులో ఫైలు మూసేటప్పటి గొంతు పెట్టి అందరికీ వినపడేలా ప్రకటించాడు.

"రేపటి నుంచి ఈ ఇంట్లో ఎవరి లెక్క వాళ్ళే సరిచూసుకోవాలి. చాలా ఆలోచించి తీసుకున్న నిర్ణయం ఇది."