శనగగింజంత నత్త

అల్మరాలోకి తలా భుజాలూ దూర్చి, కాళ్ళు మాత్రం బయట పెట్టి పడుకున్నాడు మేస్త్రీ. చూసేవాళ్ళకి ఆ అల్మరా మనిషిని సగం మింగి, మిగతా సగం తర్వాత తిందాంలే అని ఆగినట్టుంటుంది. లోపల టార్చిలైటు పళ్ళ మధ్య కరిచిపట్టి, గాజుపలకల మూలల వెంట సిలికాన్ అతుకుల మీద వేలు రాస్తున్నాడు. ఎక్కడా బొడిపె తగలకూడదు. తగిలిందంటే లోపల గాలి ఉన్నట్టే. గాలి చొరబడ్డ చోటికి ఏదో ఒకరోజు నీళ్ళూ చొరబడతాయి.

ఏమీ తగల్లేదు. నిజానికి ఆ వేలికి ఏం తగిలినా తెలిసే రోజులు పోతున్నాయి. ముప్ఫై ఏళ్ళుగా ఉప్పునీళ్ళలో నాని, ఎండి, మళ్ళీ నాని, వేళ్ళ కొసలు సున్నం వేసిన గోడల్లా తెల్లగా పగిలాయి. అందుకే ఎడమచేతి చిటికెనవేలు వాడతాడు. దాన్ని ఇన్నాళ్ళూ దాచుకున్నాడు.

మేస్త్రీ పని ఉప్పునీటి చేపల తొట్లు బిగించడం. ఇవాళ్టిది పళ్ళ డాక్టరుగారి క్లినిక్కులో, పేషెంట్లు కూర్చునే గదిలో. పైన నాలుగువందల లీటర్ల తొట్టి. దాని కింద అల్మరాలో మూడు గదుల గాజుపెట్టె, దాన్నే సంప్ అంటారు. పై తొట్టిలో నీళ్ళు అంచు దాటి గొట్టంలోంచి కిందికి దిగుతాయి. మొదటి గదిలో సంచీ చెత్తని పట్టేస్తుంది, రెండో గదిలో స్కిమ్మర్ మురికిని నురగగా లాగేస్తుంది, మూడో గదిలో పంపు శుభ్రమైన నీళ్ళని తిరిగి పైకి తోస్తుంది. జనం చూసేది పైన తిరిగే చేపల్ని. మేస్త్రీ బతుకంతా కిందే గడిచింది.

క్లినిక్కుకి ఇవాళ సెలవు. తలుపు తీసిపెట్టడానికి రిసెప్షన్ అమ్మాయి ఒక్కతే వచ్చింది. సెలవురోజు పిలిపించారన్న కోపం మొదటి అరగంట ఫోను మీద చూపించి, ఆ తర్వాత కుర్చీ లాక్కుని తొట్టి ముందుకొచ్చి కూర్చుంది.

"ఇందులో వెయ్యబోయే చేపలకి పళ్ళుంటాయా బాబాయ్ గారూ?"

"కొన్నిటికి ఉంటాయమ్మా. కానీ మీ డాక్టరుగారి దాకా రావు. అదృష్టవంతులు."

అమ్మాయి నవ్వింది. మేస్త్రీ నవ్వలేదు. బయటికి జరిగి, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, ఎడమ జబ్బని కుడిచేత్తో పిసుక్కున్నాడు. వారంనుంచీ ఇంతే. గాజుతొట్టి మోసినందుకే అనుకుంటున్నాడు. పొద్దున అన్నం డబ్బా కడుతూ కూతురు అడగనే అడిగింది, డాక్టరుకి చూపించుకోవచ్చుగా అని. డాక్టరు దగ్గరికేగా వెళ్తున్నా అన్నాడు. పళ్ళ డాక్టరు నాన్నా ఆయన, అంది. డాక్టరు డాక్టరే అన్నాడు. ఈ ఒక్క పని అయిపోనీ, రేపు వెళ్తా అని కూడా అన్నాడు. రేపటి మీద చాలా పనులు పెట్టుకున్నాడు మేస్త్రీ.

వాటిలో అసలైనది పైపుముక్క. అయిదు నెలలుగా పాతబనీను గుడ్డలో చుట్టి సామాన్లపెట్టె అడుగున ఉంది.

కరెంటు పోతే పంపు ఆగుతుంది. పంపు ఆగితే పైకి నీళ్ళు తోసే పైపే వాటిని వెనక్కి లాగడం మొదలుపెడుతుంది. అందుకని పైపుకి పై తొట్టి నీటిమట్టం కిందగా చిన్న రంధ్రం వేస్తారు. నీళ్ళు రెండు వేళ్ళు దిగగానే అందులోంచి గాలి దూరి, ఆ లాగుడు తెగిపోతుంది. రంధ్రం లేకపోతే పై తొట్టి సగం ఖాళీ అయ్యేదాకా ఆగదు. సంప్ పొంగి ఇల్లంతా ఉప్పునీళ్ళే. ఒక లాయరుగారింట్లో అదే జరిగింది. తెల్లవారుజామున కరెంటు పోయింది. చెక్కఫ్లోరు అప్పడంలా ఉబ్బింది. మేస్త్రీ వెళ్ళి పైపు ఊడదీసి చూస్తే, తను వేసిన రంధ్రంలో శనగగింజంత నత్త బిరడాలా ఇరుక్కుని ఉంది.

నత్తని పైపుతో సహా తీసుకెళ్ళి షాపు ఓనరు ముందు పెట్టబోయాడు. అప్పటికే లాయరుగారికి ఓనరు ఫోనులో చెప్పేశాడు, మావాడు రంధ్రం వెయ్యడం మర్చిపోయాడండీ, వయసైపోయింది అని. చెప్పినమాట మళ్ళీ తిప్పడం ఎందుకనుకున్నాడో ఏమో, గుడ్డ విప్పనివ్వలేదు. "నత్త చేసిందని చెప్తే నన్నేమంటారు మేస్త్రీ? పోనీ ఆ నత్తనే వచ్చి సాక్ష్యం చెప్పమనండి," అన్నాడు. షాపంతా నవ్వింది. ఆరోజునుంచీ అక్కడ మేస్త్రీ పేరు నత్తగారు. టీ తెచ్చేవాడు కూడా "నత్తగారూ, టీ" అంటాడు. ముప్ఫై ఏళ్ళలో వేసిన రంధ్రాలు ఎవరికీ గుర్తులేవు. వెయ్యలేదన్న ఒక్కటే గుర్తుంది. ఒకట్రెండు రాత్రులు మేస్త్రీకే అనుమానమొచ్చింది. లేచి, దీపం వేసుకుని, గుడ్డ విప్పి చూసుకున్నాడు. రంధ్రం ఉంది.

పోయినవారం ఓనరు మాటిచ్చాడు. "క్లినిక్కు పని చుక్క కింద పడకుండా చేసి రండి. మర్నాడు కూర్చుని మీ నత్త కథంతా వింటా, ఆ పైపూ చూస్తా. పడిందా, మీరూ మీ నత్తా ఇక ఇంటి దగ్గరే." క్లినిక్కు కింద బట్టలషాపు వాళ్ళ గోడౌను ఉందని కూడా గుర్తుచేశాడు.

అందుకే ఇవాళ పైపుకి అటొకటి, ఇటొకటి రెండు రంధ్రాలు వేశాడు. వాటిమీద ప్లాస్టిక్ జాలీ చుట్టాడు. ఒక నత్త రెండుచోట్ల కూర్చోలేదు కదా. నేలంతా పాత పేపర్లు పరిచాడు, చుక్క పడితే దాచడానికి వీల్లేకుండా.

మధ్యాహ్నానికి నీళ్ళు నింపడం అయిపోయింది. నిన్ననే డ్రమ్ముల్లో ఉప్పు కలిపి పెట్టుకున్న నీళ్ళు. పంపు వేశాడు. గొట్టాలు దగ్గాయి, బుడగలు కక్కాయి, కాసేపటికి సర్దుకుని సన్నగా మూలిగాయి. మూలుగు ఎక్కువైన చోట వాల్వు ఒక వెంట్రుకవాసి తిప్పాడు. గొట్టం నోరు మూసింది. అన్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూతపెట్టేశాడు. ఆకలి లేదన్నాడు. ఏసీ పనిచేస్తోందా అమ్మా, ఉక్కగా ఉందే అన్నాడు. ఏసీ చలికి చున్నీ కప్పుకుని కూర్చున్న అమ్మాయి అతన్ని కొంచెం వింతగా చూసింది.

తర్వాత జేబులోంచి నల్ల మార్కర్ తీసి, మూత పళ్ళతో పీకి అక్కడే కరిచిపెట్టి, అల్మరా ముందు బకెట్టు మీద కూర్చున్నాడు. తొట్టి పొడవు, వెడల్పు, రంధ్రాల దాకా దిగే నీళ్ళ లోతు, మూడూ నోట్లోనే గుణించాడు. సంప్ గాజు మీద, ఇంకా నీళ్ళు రాని ఎత్తులో, అడ్డంగా ఒక గీత గీశాడు. కరెంటు పోయినా నీళ్ళు ఈ గీత దాటవు. తక్కిన మేస్త్రీలు కరెంటు తీసి, నీళ్ళు ఎక్కడ ఆగాయో చూసి గీస్తారు. ఇతనిది ముందే గీసే అలవాటు.

"చూశాక గీస్తే సరిపోయేదిగా?" అంది అమ్మాయి.

మేస్త్రీ నోట్లో మూత తీశాడు. "చూశాక ఎవడైనా గీస్తాడమ్మా."

స్విచ్చి గోడ మీద, రిసెప్షన్ బల్ల వెనక ఉంది. ఆపమన్నాడు. ఆపింది.

పంపు మూలుగు తెగిపోయింది. పై తొట్టిలో నీళ్ళు మెల్లగా దిగాయి, కింద సంప్‌లో మెల్లగా లేచాయి. పైపు వెనక్కి లాగడం మొదలుపెట్టింది. మేస్త్రీ అల్మరా తలుపుకి తల ఆనించి, టార్చి గీత మీద వేసి చూస్తున్నాడు. కాసేపటికి పైన రంధ్రాలు గాలి పీల్చాయి, గ్లాసు అడుగున మిగిలింది పిల్లలు స్ట్రాతో లాగినట్టు, గుర్రుమని. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం.

"ఆన్ చెయ్యనా బాబాయ్ గారూ?"

లెక్కలో ఉన్నాడనుకుంది. ఫోనులో చెల్లెలికి మెసేజి పంపింది. మళ్ళీ అడిగింది. టార్చి వెలుగు గీత మీద లేదు, నేల మీది పేపరు మీద పడి ఉంది. అప్పుడు లేచి దగ్గరికొచ్చింది. నీళ్ళు గీతకి ఒక వేలు కింద, కదలకుండా నిలబడి ఉన్నాయి. మేస్త్రీ కళ్ళు వాటినే చూస్తున్నట్టు తెరిచి ఉన్నాయి.

పళ్ళ డాక్టరుగారు వచ్చి మణికట్టు పట్టుకుని, తర్వాత మెడ పట్టుకుని, చివరికి కనురెప్పలు మూశారు. ఓనరు వచ్చి ఏం చెయ్యాలో తోచక, ముందు వంగి పేపర్లు తడిమాడు. పొడిగా ఉన్నాయి. నిన్నటి వార్తలు కూడా చెరగలేదు. తను తడుముతున్నది డాక్టరుగారు చూస్తున్నారని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కూతురు ఏడవడానికి ముందు రిసెప్షన్ అమ్మాయిని ఒక్కటే అడిగింది. "నొప్పి అన్నాడా?"

"లేదక్కా. ఉక్కగా ఉందన్నారు, అంతే."

కూతురు అన్నం డబ్బా తీసుకుంది. అందులో అన్నం బరువు చేతికి తెలిసి ఒక క్షణం నిలబడిపోయింది. సామాన్లపెట్టె షాపుది, అక్కడే వదిలేసింది.

మర్నాడు షాపుకి మామూలు వేళకే టీ వచ్చింది. తెచ్చినవాడు నలుగురికే పొయ్యాల్సిన చోట అలవాటుగా అయిదు గ్లాసులు నింపాడు. ఓనరు సామాన్లపెట్టె తన బల్ల మీద పెట్టించుకుని, తలుపు దగ్గరగా వేసుకున్నాడు. మాటిచ్చింది ఇవాళ్టికే. అడుగునుంచి బనీనుగుడ్డ తీసి విప్పాడు. జానెడు పైపుముక్క. పక్కనే ఇంజెక్షన్ సీసా, అందులో దూదిమీద నత్తగుల్ల.

పైపు తిప్పి చూశాడు. రంధ్రం ఉంది. మేస్త్రీ రంధ్రాలన్నిటిలాగే, అంచులు ఆకురాయితో నున్నగా అరగదీసి ఉంది. సీసా వంచి గుల్లని అరచేతిలోకి తీసుకున్నాడు. రంధ్రం మీద పెట్టి, బొటనవేలితో కొంచెం నొక్కాడు.

బయట ఎవరో ఓనరుగారూ అని పిలిచారు. ఓనరు పైపుని తలకిందులు చేసి బల్లకేసి ఒకసారి తట్టాడు, ఇంకోసారి కొంచెం గట్టిగా తట్టాడు. నత్త కదల్లేదు.