రేడియోలో ఉండిపోయిన గొంతు

ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో రోజూ పొద్దున ఏడు గంటల వార్తలయ్యాక తార్మో లెప్పిక్ గొంతు రేడియోలో ఓ ప్రశ్న అడిగేది. ఆ వేళకి తార్మో లెప్పిక్ వంటింట్లో కూర్చుని నల్ల రొట్టెకి వెన్న రాసుకుంటూ ఉండేవాడు.

విలేకరి ఉద్యోగం మాని రాజకీయాల్లోకి పోయిన రోజున మనిషి బయటికొచ్చాడు గానీ గొంతు రాలేదు, స్టూడియోలోనే ఉండిపోయింది. సభల కోసం ఇంకో గొంతు కుదుర్చుకున్నాడు, గుండ్రటిది, బరువైనది. పార్లమెంటూ, కమిటీలూ, ఇప్పుడీ ఆరోగ్య మంత్రి పదవీ అన్నీ దాంతోనే నెట్టుకొచ్చాడు పాపం.

"రేడియోలో మీ కుర్రాడి గొంతుకి జలుబు చేసినట్టుందండీ, తేనె తాగించండి," అనేది రొట్టెల కొట్టు హెల్గి, మంత్రిగారి చేతికి పొట్లం ఇస్తూ.

ఆ నవంబరు ఉదయం తార్మో రొట్టె పక్కకి నెట్టేశాడు. తను పుట్టిన దీవిలో కాన్పుల గది మూసెయ్యాలని కాగితం తయారైంది. పొద్దున రేడియోలో ఆ కబురు చెప్పి, మధ్యాహ్నం సంతకం పెట్టాలి.

"ఏడాదంతా కలిపినా పదుల్లోనే కాన్పులు. దానికో డాక్టరూ, నర్సులూ! మూయక చస్తామా?" అన్నాడు భార్యతో.

"నన్నెందుకు ఒప్పిస్తావు? నేనేమన్నా అడిగానా?" అంది మారెత్ కాఫీ పోస్తూ.

"అలిసిపోయానే."

"తెలుసు. కోటు వేసుకెళ్లు, బయట చలి."

కారులో ఉండగా పార్టీ పెద్ద ఫోన్ చేశాడు. "మూసేస్తున్నాం అనకయ్యా. సేవల పునర్వ్యవస్థీకరణ అను. ఆ ముక్క పూర్తయ్యేలోపే జనం నిద్రపోతారు."

స్టూడియోలో లీసి అనే విలేకరి పిల్ల ప్రశ్నలడిగింది. తార్మో ఆ ముక్క పలికాడు. మళ్లీ పలికాడు. లీసి కాగితాలు సర్దుకుంటుండగా పక్కన ఖాళీగా ఉన్న మైకులోంచి ఆ గొంతు వచ్చింది. బాగా వినపడేలా ఆ పిల్ల దాన్ని కాస్త ముందుకి జరిపింది.

"సముద్రం గడ్డకట్టి ఓడ కదలని రోజున, నొప్పులొచ్చిన మనిషిని ఎటు పంపుతారు, మంత్రిగారూ?"

అడిగి ఆ గొంతు ఊరుకుంది. అలా ఊరుకోవడం తార్మో కుర్రతనంలో కనిపెట్టిన ఎత్తే. ప్రశ్న వేశాక జవాబొచ్చేదాకా మళ్లీ నోరు విప్పేవాడు కాదు. తోటి విలేకరులు ఒకటే నవ్వు. "మన ఎస్టోనియావాళ్ల దగ్గరా నీ మౌనం? కట్టుకున్న పెళ్లాంతోనే వారానికోసారి మాట్లాడతార్రా వీళ్లు!" అయినా ఎంతమందో ఆ మౌనానికి తట్టుకోలేక నిజం కక్కేశారు.

తార్మో కూడా నోరు మూసుకుని కూర్చోగలడు, ఈ గడ్డ మీద పుట్టినవాడేగా. కూర్చున్నాడు. దేశమంతా కాఫీ కప్పులు పట్టుకుని వింటోంది. అడిగేదీ తనే, తప్పించుకునేదీ తనే. ఆ తప్పించుకునేవాణ్ణి ఇన్నేళ్లుగా మోస్తున్నందుకు ఒళ్లంతా నీరసం కమ్మింది.

"తెలీదు," అన్నాడు చివరికి. "ఎటు పంపాలో నాకు తెలీదు. తెలిసేదాకా సంతకం పెట్టను."

సాయంత్రానికి పదవి ఊడింది. కొత్త మంత్రి కుదిరి, ఆ కాగితం మళ్లీ బయటికి తీసేసరికి సముద్రం మీద మంచు కరిగిపోయింది. ఆ చలికాలమంతా దీవిలో కాన్పుల గది తెరిచే ఉంది. ఆ తర్వాత ఏమవుతుందో ఎవరు చెప్పగలరు!

పదవి ఊడిన మర్నాడు ఏడు గంటల వార్తలయ్యాక రేడియో వాతావరణం చెప్పి ఊరుకుంది. తార్మో కాసేపు దానికేసి చూశాడు. తర్వాత రొట్టె ముక్క అందుకున్నాడు.

"వెన్నేదీ?" అన్నాడు.

మారెత్ చేతిలో చెంచా ఆగిపోయింది. కాస్త గరుకుగా, పడుచుగా ఉంది ఆ గొంతు. తను మనసిచ్చి పెళ్లాడింది దాన్నే. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏదీ, ఇంకోసారి అడుగు," అంది.