ఎడమ చెవికి అందించిన మాట

రాసేదీ తనే, మరిచిపోయేదీ తనే! ఇలాంటి విడ్డూరం ఎక్కడైనా ఉందా అని రాయపూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ళంతా గురునాథాన్ని ఆటపట్టించేవారు. నాటకం రాసి, నటులందరికీ నోటితో నేర్పించి, తీరా తెర లేచాక హీరో వేషంలో నిలబడి తనే నీళ్ళు నమిలేవాడు. అప్పుడు తల కాస్త ఎడమ పక్కకి వంచేవాడు. అటు తెర చాటున స్టూలు మీద కూర్చున్న ఊర్మిళ గొంతు తగ్గించి మాట అందించేది. అది అందిందా, ఇక చూసుకోండి అతని తడాఖా! రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు చప్పట్లతో అదిరిపోయేది.

ఆ స్టూలు ఊర్మిళకి ఊరికే దక్కలేదు. కాలనీ పిల్లలందరివీ హిందీ చదువులే. ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతారు, అక్షరం చూపిస్తే మాత్రం దిక్కులు చూస్తారు. ఆడవేషాలు వేసే పరదేశి అనే అతనికీ అంతే. గూడ్సు పెట్టెలు బాగుచేసే వేగన్ షాపులో సుత్తి పట్టే ఆ మనిషి మీసం తీసి చీర కడితే కాలనీ ఆడవాళ్ళే కుళ్ళుకునేవారు, చదవమంటే మాత్రం సున్నా. ఊర్మిళకి వాళ్ళమ్మ సూరమ్మ విజయనగరం నుంచి తెచ్చుకున్న పుస్తకాలు పెట్టి తెలుగు నేర్పింది. ఆడపిల్ల స్టేజీ ఎక్కితే కొంపలంటుకుంటాయి గానీ, తెర చాటున కూచుంటే ఎవరికేం? తండ్రి భీమారావు గూడ్సు ఆఫీసులో గుమాస్తా. ఆయన కూడా ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద.

"రాసింది రాసినట్టు అందియ్యి. నీ సొంత మాట ఒక్కటి కలిపినావంటే ఆ రోజుతో బంద్. సమ్‌ఝీ?"

"ఆఁ, సమ్‌ఝీ" అంది ఊర్మిళ. ఆ షరతు ఆమె ప్రాణం మీదకి వస్తుందని అప్పుడు ఎవరికి తెలుసు?

ఉన్నమాట చెప్పాలంటే, ఊర్మిళకి గురునాథమంటే ప్రాణం. తన పెదవుల మీద పుట్టిన మాట మరుక్షణం అతని గొంతులో మోగుతుంటే ఆమె ఒళ్ళు ఝల్లుమనేది. రిహార్సల్ లేని రోజు అన్నం సహించేది కాదు. ఈ మనిషికి ఇంత మతిమరుపు ఇచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకునేది. మతిమరుపు లేకపోతే తనతో పనేముంది మరి!

అరవై రెండు దసరాకి వేసిన నాటకంలో ఆఖరి రంగం రైలు స్టేషను. హీరో బండెక్కి, ప్లాట్‌ఫారం మీద నిలబడిన పిల్లతో ఆఖరి మాట అనాలి. ఎదురుగా పరదేశి పమిట సర్దుకుంటూ నిలబడ్డాడు. గురునాథం నోరు పెగలలేదు. తల ఎడమకి వంచాడు.

"బండి కదిలిపోతోంది. ఇంకా ఆలోచనేమిటి? రా, నాతో" అని అందించింది ఊర్మిళ.

అతను ఆ మాట పరదేశి వైపు చూసి అనలేదు, తెర వైపు చూసి అన్నాడు. మాట అందించిన చోటికి చూపు పోయిందిలే అనుకుంది ఊర్మిళ. అనుకుని కూడా ఆ రాత్రంతా నిద్రపోలేదు.

ఆ నాటకం చూసిన పెద్దమనిషి ఒకాయన గురునాథాన్ని సినిమాల్లో వెయ్యడానికి మద్రాసు రమ్మన్నాడు. ప్రయాణానికి ముందు గురునాథం ఊర్మిళని నవ్వుతూనే అడిగాడు.

"అక్కడ నాకు మాటలు ఎవరందిస్తారు, ఊర్మిళా?"

"ఎవరో ఒకరు దొరక్కపోరు లెండి" అంది ఆమె కూడా నవ్వుతూనే. లోపల గుండె చెరువైపోయింది.

వాల్తేరు ప్యాసింజరు దగ్గరికి కాలనీ సగం తరలివచ్చింది. దండలు వేశారు, పులిహోర పొట్లాలు ఇచ్చారు, పరదేశి అయితే వలవలా ఏడ్చాడు. గార్డు పచ్చజెండా ఊపాడు. గురునాథం తలుపు దగ్గర నిలబడి ఊర్మిళ వైపు చూశాడు, తల ఎడమ పక్కకి వంచాడు. అచ్చం స్టేజీ మీద వంచినట్టే. ఊర్మిళ నాలుక చివర బోలెడు మాటలు ఉన్నాయి, అన్నీ సొంత మాటలే. సొంత మాట కలపకూడదు. చేతిలో కాగితాలు లేవు, రాసిందేమీ లేదు, ఏం అందిస్తుంది పిచ్చిది? నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. బండి వెళ్ళిపోయింది.

తర్వాత ఊర్మిళకి గూడ్సు గార్డు కొండలరావుతో పెళ్ళయింది. బంగారంలాంటి మనిషి. నవ్వుతాడు, నవ్విస్తాడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. వంక పెడితే కళ్ళు పోతాయి. అయినా మనసు ఉంది చూశారూ, అది చెప్పిన మాట వింటుందా?

మద్రాసులో గురునాథం పేరు తెచ్చుకున్నాడు. హీరో కాలేదు గానీ హీరోకి అన్న, ఊరి డాక్టరు, పెద్ద మనసున్న జమీందారు, అన్నీ అతనే. ఏళ్ళు గడిచేసరికి 'మాటలు' అన్న చోట కూడా అతని పేరే పడసాగింది. రాయపూర్‌లో తెలుగు సంఘంవాళ్ళు ఎప్పుడైనా ఒక తెలుగు సినిమా తెప్పించి ఆదివారం పొద్దుటి ఆట వేయించేవారు. దగ్గర్లోని తిల్దా ఊరి రైసు మిల్లుల నుంచి కూడా తెలుగువాళ్ళు దిగేవారు.

"ఏటే, మీ మతిమరుపు హీరో సిన్మా వొచ్చిందంట. టికెట్లు తెచ్చీసినాను, జల్దీ తయారవు" అనేవాడు కొండలరావు.

తెర మీద గురునాథం ముఖం దగ్గరగా చూపించినప్పుడల్లా ఊర్మిళ ఊపిరి బిగబట్టేది. ముఖ్యమైన మాటకి ముందు అతను తల కాస్త ఎడమకి వంచుతాడు. జనానికి అదో స్టయిలు. కాలనీ కుర్రకారు టీ కొట్టు దగ్గర అలాగే తల వంచి "ఏక్ చాయ్" అనేవారు. ఊర్మిళకి మాత్రం అది స్టయిలు కాదు. అయ్యో, ఇంకా మరిచిపోతూనే ఉన్నాడు, అక్కడ ఎవరందిస్తున్నారో, సరిగ్గా అందిస్తున్నారో లేదో అని బెంగ. చీకట్లో ఆమె పెదవులు కదిలేవి. జన్మలో ఇంకొక్కసారి ఆ స్టూలు మీద కూచుని అతనికి ఒక్క మాట అందిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. ఆ కోరిక ఎవరితోనూ అనలేదు. ఎవరితో అంటుంది?

ఎనభై ఎనిమిదిలో సంఘంవాళ్ళు గురునాథానికి సన్మానం పెట్టారు. అతను వస్తానన్నాడు. పాత నాటకంలో ఆఖరి రంగం ఒక్కడే చెప్పి వినిపిస్తానని కూడా కబురు పెట్టాడు. పరదేశి లేడు, పోయి చాలా కాలమైంది. ఊర్మిళ పాత కాగితాలు తీసుకుని సంఘం కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది.

"ఆయనకి అందించకపోతే మాట రాదు. ఎడమ పక్క స్టూలు వేయించండి" అంది.

హాలు కిటకిటలాడింది. జుట్టు నెరిసిన గురునాథం శాలువా తీసి కుర్చీ మీద వేసి మైకు దగ్గరికి వచ్చాడు. ఊర్మిళ తెర చాటున ఆ రంగం మొదటి పేజీ తెరిచి, మాట పెదవుల మీద సిద్ధంగా పెట్టుకుంది.

అతను మొదలుపెట్టాడు. తన మాటలు చెప్పాడు, పరదేశి మాటలూ చెప్పాడు, టీ అమ్మేవాడి మాటలు సైతం చెప్పాడు. ఎక్కడా తడబడలేదు, ఒక్కసారైనా తల వంచలేదు. ఏ మాట దగ్గర ఆనాడు నీళ్ళు నమిలాడో, అదే మాట ఇప్పుడు మంచినీళ్ళ ప్రాయంగా చెప్పేస్తున్నాడు. ఊర్మిళ చేతిలో పేజీ తిరగలేదు.

అప్పుడు తెలిసింది ఆమెకి. ఈ మనిషి ఏ రోజూ ఏదీ మరిచిపోలేదు. దొంగ! రాసినవాడికి గుర్తులేకపోవడమేమిటి, తనెంత వెర్రిబాగులది! తన గొంతు వినడానికే నటించాడు. స్టేషనులో తలుపు దగ్గర తల వంచింది కూడా అందుకే. సినిమాల్లో అన్నేళ్ళూ వంచింది కూడా... సంతోషంతో, కోపంతో, ఏడుపుతో ఊర్మిళకి ఊపిరాడలేదు. పమిట నోట్లో కుక్కుకుంది.

ఆఖరి మాట వచ్చింది. గురునాథం ఆగాడు. తల మెల్లగా ఎడమ పక్కకి వంచాడు.

హాలంతా నవ్వింది. "ఇంకా మర్చిపోతన్నాడ్రోయ్!" అని వెనకనుంచి ఎవరో కేకేశారు. గురునాథం తెర వైపే చూస్తున్నాడు. పేజీ తిప్పకుండానే ఊర్మిళకి ఆ మాట కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది. బండి కదిలిపోతోంది, రా, నాతో. ముందు వరసలో కొండలరావు కూచుని ఉన్నాడు. ఊర్మిళ కాగితాలు మూసేసింది. జన్మలో మొదటిసారి సొంత మాట అందించింది.

"బండి ఎప్పుడో వెళ్ళిపోయింది, గురునాథం గారూ."

అతను కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మైకు వైపు తిరిగి, ఎప్పుడూ అందుకున్నట్టే ఆ మాట కూడా అందుకున్నాడు.

"బండి ఎప్పుడో వెళ్ళిపోయింది."

అదే ఆఖరి మాట అనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంటికి వస్తుంటే రిక్షాలో కొండలరావు ఒకటే నవ్వు.

"చూసినావేటి, ఇంత పేరొచ్చినా మతిమరుపు పోనేదు. నువ్వు నేకపోతే పాపం, ఏమైపోయేవోడో!"

"అవును" అంది ఊర్మిళ. "పాపం, మతిమరుపు మనిషి."